ఓట్‌మీల్ స్టౌట్ రుచి ఎలా చూడాలి: మాడు చేదు వెనక ఏముందో

మీరు అడిగింది ఇదీ: ఎప్పుడూ లేత రంగు లాగర్ బీర్లే తాగే అలవాటు. మొన్న మొదటిసారి ఒక ఓట్‌మీల్ స్టౌట్, అంటే ఓట్స్ వేసి కాచే నల్లటి బీరు, తెచ్చుకుని, ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే సీసా ఎత్తి తాగారు. మాడిన కాఫీ చేదు తప్ప ఏమీ తెలియలేదు. సీసా మీదేమో చాక్లెట్ అనీ, పట్టులాంటి మెత్తదనం అనీ రాసి ఉంది. లోపం బీరులో ఉందా, మీ నాలుకలో ఉందా అని మీ సందేహం.

రెండింట్లోనూ లేదు. చల్లదనం సగం దాచేసింది, సీసా మూతి మిగతా సగం దాచేసింది. నేను పదిహేనేళ్లకు పైగా ఇంట్లో బీరు కాచుకుంటున్నాను, ఇతరులు కాచినవి రుచి చూసి మార్కులు వేసే పనీ చేశాను. బీర్లన్నింటిలో ఈ రకమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది: ఈ బీరులో ఓట్స్‌ని రుచిలో వెతకొద్దు. చాలామంది అక్కడే దారి తప్పుతారు. ఓట్స్‌కి తమకంటూ ఉన్న రుచి తక్కువ, బాగా వేయించిన ధాన్యం ఘాటు ముందు అది నిలవదు. కాస్త గింజల కమ్మదనమో, రొట్టె వాసనో తగిలితే తగలొచ్చు, అంతే. ఓట్స్ తెలిసేది స్పర్శకు. నాలుక మీద బరువు, బుగ్గల లోపల నునుపు, మింగుతుంటే గొంతులో జారుడు, ఇవీ వాటి పని. ఓట్స్ జావ కాచినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గరిటె ఎత్తితే తీగలా సాగే ఆ జిగురు బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు వల్ల వస్తుంది. అది బార్లీలోనూ ఉంటుంది కానీ, మొలకెత్తించి మాల్ట్ చేసేటప్పుడు చాలావరకు విరిగిపోతుంది. మొలకెత్తించకుండా ఆవిరి పట్టి, అటుకుల్లా నొక్కిన ఓట్స్‌లో అలాగే మిగిలిపోతుంది. వాటిలోని మాంసకృత్తులూ దీనికి తోడవుతాయి.

ఈ సంగతి నాకు బాగా ఎక్కింది ఒకసారి చేసిన ప్రయోగంతో. ఒకే మాల్టు, చేదు కోసం వేసే ఒకే హాప్స్ పూలు, పులియబెట్టే ఒకే ఈస్ట్‌తో రెండు పాత్రల స్టౌట్ కాచాను. రెండోదాంట్లో మామూలు మాల్టు కొంత తగ్గించి, మొత్తం ధాన్యంలో 12 శాతం ఓట్స్ వేశాను. ఆరు వారాల తర్వాత కళ్లు మూసుకుని ఒక మిత్రుడి చేతిమీదుగా రెండు గ్లాసులూ తీసుకున్నాను. వాసన చూస్తే ఏది ఏదో చెప్పలేకపోయాను. రుచిలోనూ అదే కాఫీ, అదే చేదు. నోట్లో పోసుకుని నాలుకతో అంగిలికి అదిమి చూసినప్పుడు మాత్రం సందేహమే లేదు. ఒకటి నీళ్లలా చెదిరిపోయింది, రెండోది ఒక్క ముద్దగా కదిలింది. పైగా చేదు రెండింట్లో సమానమే అయినా ఓట్స్ వేసినదాంట్లో దాని మొన అరిగినట్టు అనిపించింది. గరుకు గోడకు సన్నటి పూత పడితే ఎలా ఉంటుందో అలా.

ఆ సంబరంలో మరుసటిసారి 30 శాతం వేసి దెబ్బతిన్నాను. వేడినీళ్లలో నానిన ధాన్యం మొత్తం బంకలా పట్టేసి, కింద కుళాయి తిప్పితే చుక్క దిగలేదు. వరి ఊక కలిపితే ధాన్యం మధ్య సందులు ఏర్పడి నీరు దిగుతుందని అప్పటికి నాకు తెలియదు. అర్ధరాత్రి దాకా గరిటెతో కలుపుతూ కూర్చున్నాను. తీరా తయారైన బీరు నోటికి జిడ్డుగా తగిలింది. నురగ కూడా నిలవలేదు, ఎందుకంటే మిగతా ధాన్యాలతో పోలిస్తే ఓట్స్‌లో కొవ్వు ఎక్కువ, నురగకు కొవ్వు పడదు. ఈ రకం కాచేవాళ్లు ఎక్కువగా 5 నుంచి 20 శాతం మధ్యనే ఆగిపోవడానికి కారణం ఇదే.

ఇక మీకు తగిలిన ఆ మాడు చేదు సంగతి. అది బార్లీని గింజ నల్లబడేదాకా, 200 డిగ్రీల సెల్సియస్ దాటించి వేయించడం వల్ల వస్తుంది. 1817లో ఇంగ్లండ్‌లో డేనియల్ వీలర్ అనే ఆయన తిరిగే పీపాలో మాల్టును నల్లగా వేయించే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. గుప్పెడు నల్ల మాల్టుతో పీపాడు బీరుకు రంగు వచ్చేయడం మొదలైంది అప్పటినుంచే. ఇప్పటికీ అంతే, ఇంత నల్లటి బీరులో కూడా ధాన్యంలో పదోవంతు మాత్రమే నల్లగా వేయించినది ఉండొచ్చు. మిగతాదాంట్లో ఎక్కువభాగం లాగర్‌లో వాడేలాంటి లేత మాల్టే. కాబట్టి రంగు చూసి మందు ఎక్కువని భయపడొద్దు. మామూలు ఓట్‌మీల్ స్టౌట్‌లో ఆల్కహాల్ 4 నుంచి 6 శాతం మధ్యే ఉంటుంది, అంటే చాలా లాగర్లతో సమానం. చాక్లెట్ అని రాసినా అందులో చాక్లెట్ కలపాలని లేదు. కాఫీ గింజనీ, కోకో గింజనీ, బార్లీనీ వేయించినప్పుడు ఒకే కుటుంబానికి చెందిన వాసనలు కొన్ని పుడతాయి. మీ ముక్కు పోల్చుకునేది వాటినే.

రంగు మనల్ని ఎంత ఏమారుస్తుందో తెలియాలంటే ఫ్రాన్స్‌లోని బోర్డోలో జరిగి 2001లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. తెల్ల వైన్‌లో రుచీ వాసనా లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వైన్ చదువు చదువుతున్న 54 మంది దాని వాసనను ఎర్ర వైన్ మాటలతోనే వర్ణించారు. నల్ల బీరు విషయంలోనూ ఇదే జరుగుతుంది. గ్లాసు చూడగానే మాడు, చేదు అని మనసు ముందే రాసేసుకుంటుంది. అందుకే మొదటి గుక్క కళ్లు మూసుకుని తాగమంటాను.

సరే, రెండో సీసా తెచ్చుకున్నారనుకుందాం.

ఫ్రిజ్‌లోంచి తీసి కనీసం అరగంట బయట పెట్టండి. గది వేడిగా ఉంటే ఇరవై నిమిషాలు చాలు. ఈ బీరు 10 నుంచి 13 డిగ్రీల మధ్య బాగా పలుకుతుంది. ఫ్రిజ్ చలి 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలిలో వాసనలు ద్రవం వదిలి పైకి లేవవు, తీపి సరిగా తెలియదు, చేదూ గ్యాసు చురుకూ మాత్రం ముందుకొస్తాయి. మీరు తాగింది సరిగ్గా అదే. ఈలోగా బలమైన కాఫీ తాగడం, పళ్లు తోముకోవడం, అత్తరు రాసుకోవడం మానుకోండి.

గ్లాసులో పోసుకోవడం తప్పనిసరి. సీసా మూతికి పెదవులు ఆనించి తాగితే ముక్కుకి ఏమీ అందదు, మనం రుచి అనుకునేదాంట్లో చాలాభాగం ముక్కు పనే. ఖరీదైన గ్లాసు అక్కర్లేదు, కొంచెం లోపలికి ముడుచుకున్న అంచు ఉంటే వాసన నిలుస్తుంది. గ్లాసు శుభ్రంగా ఉండటం మాత్రం ముఖ్యం. కంటికి కనిపించని నూనె పొర ఉన్నా నురగ కూలిపోతుంది. బీరు పోశాక గ్లాసు లోపలి గోడలకు బుడగలు పట్టుకుని వేలాడుతుంటే అక్కడ జిడ్డు ఉన్నట్టే. గ్లాసు వాల్చి పట్టుకుని సగం దాకా మెల్లగా పోసి, తర్వాత నిటారుగా పెట్టి మధ్యలోకి పోయండి. రెండు వేళ్ల మందం నురగ రావాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి, తొందరేమీ లేదు. నురగ తెల్లగా ఉండదు, పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులో ఉంటుంది. గ్లాసును దీపానికి అడ్డంపెట్టి అడుగు అంచు చూడండి. నలుపు అనుకున్నది అక్కడ దానిమ్మ గింజ ఎరుపులో మెరుస్తుంది. కొన్ని స్టౌట్లు మరీ చిక్కటి నలుపు, వాటిలో వెలుగు దూరదు, అదీ తప్పు కాదు.

వాసన చూడటానికి గ్లాసు మూతిని అరచేత్తో మూసి, నాలుగైదుసార్లు గుండ్రంగా తిప్పి, చెయ్యి తీసి చిన్న చిన్నగా రెండు మూడుసార్లు పీల్చండి. దీర్ఘంగా పీలిస్తే ముక్కు వెంటనే అలవాటుపడిపోతుంది. మొదట కాఫీ వస్తుంది, దాన్ని దాటనివ్వండి. కొద్దిసేపాగి మళ్లీ పీలిస్తే వెనక వరుసలోవి వస్తాయి: రొట్టె పైపొర, వేయించిన గింజలు, ముదురుపాకం, ఎండిన పండు. పాకం వాసన, గింజలోని చక్కెర పాకం కట్టేలా వేయించిన క్రిస్టల్ మాల్ట్ నుంచి, పండు వాసన ఎక్కువగా ఇంగ్లిష్ రకం ఈస్ట్ నుంచి వస్తాయి. వీటి పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు. మీ వంటింట్లో ఏది గుర్తొస్తే అదే రాసుకోండి, అచ్చులో చదివిన మాటలకంటే మీ జ్ఞాపకమే మీకు పనికొస్తుంది.

ఇప్పుడు గుక్క. మొదటిది నోరు తడుపుకోవడానికే, దాన్ని బట్టి ఏమీ తేల్చొద్దు. రెండోది కొంచెం పెద్దదిగా తీసుకుని, వెంటనే మింగకుండా నాలుకతో నెమ్మదిగా అటూ ఇటూ కదపండి. గ్యాసు బుడగలు చిటపటలాడి మూడు నాలుగు క్షణాల్లో సద్దుమణుగుతాయి. సద్దుమణిగాక నోట్లో ఏం మిగిలిందో గమనించండి. నీళ్లలా పలచబడితే అందులో ఓట్స్ పేరుకే ఉన్నాయనుకోవచ్చు. బుడగలన్నీ పోయాక కూడా నాలుక మీద బరువుగా, నున్నగా, మీగడ తేరిన పాలలా కూర్చుంటే, మీరు వెతుకుతున్న పట్టులాంటి మెత్తదనం అదే. తర్వాత మింగి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కే ఆ గాలిలోనే చాక్లెట్ ఉంటుంది. నమ్మకం కలగకపోతే ఒక గుక్క ముక్కు గట్టిగా మూసుకుని తాగి చూడండి. చేదు, కాస్త తీపి, కొద్దిగా పులుపు మాత్రమే తెలుస్తాయి. ముక్కు వదలగానే కాఫీ, కోకో ఒక్కసారిగా వచ్చి పడతాయి. వైన్ రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు, బీరు మాత్రం మింగే చూస్తారు. గుటక వేశాక గొంతులో నిలిచే చేదునీ, ఇలా పైకెక్కే వాసననీ వదులుకోలేక.

చేదు అంతా ఒకటే అనుకోకండి. హాప్స్ చేదు శుభ్రంగా, ఆకు పసరు చేదులా ఉండి తేలిపోతుంది. వేయించిన ధాన్యం చేదు పాలు కలపని డికాక్షన్‌లా ఉంటుంది. ఈ రెండూ కాక మూడోది ఉంది, చిగుళ్లు బిగుసుకుని నోరు పొడిబారే వగరు. అది అతిగా మాడ్చిన గింజల నుంచి, పొట్టు నుంచి వస్తుంది. మంచి ఓట్‌మీల్ స్టౌట్‌లో మొదటి రెండూ ఉండొచ్చు, మూడోది ఉన్నా ఓట్స్ నునుపు కింద అణిగి ఉండాలి. బూడిద నమిలినట్టుంటే కాచినవాళ్ల చెయ్యి జారిందనే లెక్క. నాలుక చివర తీపి, వెనక చేదు అని బడిలో చూపించిన బొమ్మను మర్చిపోండి, నాలుక మీద రుచి తెలిసే ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి.

నైట్రోజన్ పట్టించిన స్టౌట్ల గురించి ఒక హెచ్చరిక. 1959లో గిన్నిస్ వాళ్లు పీపాలోంచి కుళాయితో పోసే తమ డ్రాఫ్ట్ బీరుకు నైట్రోజన్ వాడటం మొదలుపెట్టారు. నైట్రోజన్ బీరులో చాలా తక్కువగా కరుగుతుంది, అందుకే బుడగలు సన్నగా వచ్చి మీగడలాంటి నురగ కడతాయి. గ్లాసులో బుడగలు గోడల వెంట కిందికి దిగుతున్నట్టు కనిపించే ఆ దృశ్యం నిజంగా అందంగా ఉంటుంది. అయితే ఆ మెత్తదనం గ్యాసుది, ధాన్యానిది కాదు. ఓట్స్ ఒక్క గింజ లేని పలచటి స్టౌట్ కూడా నైట్రోజన్‌తో మెత్తగా అనిపిస్తుంది. పైగా వాసనను అది కొంత అణచేస్తుంది. ఓట్స్ నేర్చుకోవాలంటే మామూలు గ్యాసున్న సీసాతోనే మొదలుపెట్టండి.

సీసా మీద పేరును కూడా పూర్తిగా నమ్మొద్దు, దీనికి చరిత్రే సాక్ష్యం. స్టౌట్ అంటే ఒకప్పుడు బలమైన అనే అర్థం, పోర్టర్ అనే ముదురు రంగు లండన్ బీరులో గట్టి రకాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు. 19వ శతాబ్దం చివర్లో ఓట్స్ ఒంటికి బలమన్న ప్రచారం జోరందుకుంది. స్కాట్లండ్‌లో అలోవా ఊరి మక్లే కంపెనీ 1895లో తెచ్చిన స్టౌట్‌లో ఏకంగా 70 శాతం ఓట్ మాల్టు వేసింది. నా 30 శాతం అవస్థ తలచుకుంటే వాళ్ల పనితనానికి దండం పెట్టాలనిపిస్తుంది. తర్వాత తరంలో పేరే మిగిలింది. 1936లో లండన్‌లోని బార్‌క్లే పెర్కిన్స్ ఓట్‌మీల్ స్టౌట్‌లో ఓట్స్ అర శాతం. క్రమంగా ఈ రకమే మాయమైంది. 1980లో చార్లెస్ ఫింకెల్ అనే అమెరికా దిగుమతిదారు కోరిక మీద ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌కు చెందిన శామ్యూల్ స్మిత్ బ్రూవరీ మళ్లీ కాచింది. ఇప్పుడు ప్రపంచంలో కాచే ఓట్‌మీల్ స్టౌట్లకు అదే నమూనా అయింది. 5 శాతం ఆల్కహాల్, నోటికి నిండుదనం, చివర్లో కాస్త తీపి. దొరికితే మీ మొదటి పాఠం దాంతోనే చేయండి.

పక్కపక్కన పెట్టి పోల్చే అవకాశం ఉంటే ఇంకా మంచిది. ఐరిష్ డ్రై స్టౌట్ ఒకటి, మిల్క్ స్టౌట్ ఒకటి, మధ్యలో ఇది, తలా 100 మిల్లీలీటర్లు చాలు. డ్రై స్టౌట్ పలచగా, చివర్లో తీపి మిగల్చకుండా పొడిగా ముగుస్తుంది. మిల్క్ స్టౌట్‌లో పాల చక్కెర వేస్తారు, ఈస్ట్ దాన్ని తినలేదు కాబట్టి తీపి మిగులుతుంది. ఓట్‌మీల్ స్టౌట్‌లో నిండుదనం ఉంటుంది కానీ అంత తీపి ఉండదు. చిక్కదనం వేరు, తీపి వేరు అని నాలుకకు తెలియడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. మధ్యమధ్య మంచినీళ్లు, ఉప్పు లేని రొట్టె ముక్క పెట్టుకోండి. పక్కన చాక్లెట్ తినాలనుంటే రుచి చూడటం అయ్యాకే.

ఒక్కోసారి లోపం నిజంగానే బీరులో ఉంటుంది. తడి అట్టపెట్టె వాసనో సోయా సాస్ వాసనో వస్తే అది పాతబడింది. స్టౌట్లన్నీ దాచుకునేవే అనే అపోహ ఉంది, ఏళ్ల తరబడి నిలిచేవి ఆల్కహాల్ 8 శాతం పైబడిన ఇంపీరియల్ స్టౌట్లు. 5 శాతం సీసాను కొన్ని నెలల్లోనే తాగేయాలి. ఎండ తగిలిన సీసాలో హాప్స్ చెడి ముక్కు మూసుకునేలాంటి కంపు పుడుతుంది, ముదురు గోధుమరంగు గాజు దాన్ని చాలావరకు ఆపుతుంది. వెనిగర్ పులుపు ఉంటే పారబోయడమే. మీ సీసాకు వీటిలో ఏదీ లేదు, మీరు చెప్పిన లక్షణాలన్నీ చలివే.

చివరిగా ఒక పని చేయండి. గ్లాసులో పావువంతు మిగిల్చి పక్కన పెట్టండి. ముప్పావు గంటయ్యాక దాని నురగ పోతుంది, గ్యాసు పోతుంది, గది వేడికి వస్తుంది. లాగర్ అయితే ఆ స్థితిలో నోట పెట్టలేం. దీన్ని మాత్రం అప్పుడు తాగి చూడండి. కాఫీ ఘాటు తగ్గి రొట్టె పైపొర, పాకం ముందుకొస్తాయి, వాటి కింద ఓట్స్ బరువు ఏ ముసుగూ లేకుండా నాలుకకు తగులుతుంది. నేను ఏ ఓట్‌మీల్ స్టౌట్‌కైనా మార్కులు వేసేది ఆ గుక్క తాగాకే.